బొండాం నాటికి వాడికి తెలుసా?

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అడిగినా, నేను పనిచేసిన బళ్ళలో అడిగినా, ఆఖరికి మా వీధిలో కూరగాయల బండివాణ్ణి అడిగినా చెబుతారు. కాబట్టి నేనే ముందు చెప్పేస్తే ఓ పనైపోతుంది. విజయనగరం చుట్టుపక్కల బళ్ళలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. అరవై దాటాయి. ఇన్నేళ్ళొచ్చాక నేనొక రాక్ పాటగాడికి అభిమానినయ్యానంటే నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

వాడి పాట మొదటిసారి విన్నది బొబ్బిలిలో. మా మేనకోడలి వీణకు మైనం వదిలి మెట్లు కదిలిపోతే బాగుచేయించడానికి పట్టుకెళ్ళాను. పనైపోయాక వీణతో ఆటో ఎక్కబోతుంటే పక్క మైదానంలోంచి ఒకటే మోత. గిటార్లు, డ్రమ్ములు, వాటి మధ్య ఒక గొంతు. ఆ అదురుకి కొత్తగా పెట్టిన మెట్లు మళ్ళీ ఎక్కడ కదులుతాయోనని ఒళ్ళు మండిపోయింది. ఎవడో కనుక్కుని నాలుగు చీవాట్లు పెడదామనే వెళ్ళాను. తీరా దగ్గరికెళ్ళి మాటలు చెవిన పడ్డాక కాళ్ళు ఆగిపోయాయి. వాడు పాడుతున్నది శ్రీకాకుళం తీరాన మా ఉద్దానం మాట, మా అమ్మ మాట్లాడిన మాట. నేను టీచరుద్యోగంలో చేరిన నాటినుంచి పిల్లలు నవ్వుతారని నోట్లోనే మింగేస్తూ వచ్చిన మాటల్ని వాడు మైకు పెట్టి అరుస్తున్నాడు! రెండు గంటలు అలా నిలబడే విన్నాను. ఆటోవాడు విసిగి వెళ్ళిపోయాడు.

పాటలయ్యాక స్టేజీ దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకోవడం నాకు చేతకాదు. "అంత గట్టిగా అరవకపోతే ఏటి? గొంతు పోతాది" అని కసిరాను. వాడు చెమట తుడుచుకుంటూ వంగి, "అత్తా, మీది ఉద్దానమేటి?" అన్నాడు. అడిగి చూస్తే మా పుట్టింటికీ వాడి ఊరికీ మధ్య రెండే రెండు తోటలు. ఇంకేముంది, ఆ రోజునుంచి వాడు మావాడు, నేను వాడి అత్తను.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళ కంటే ముందు కొబ్బరి బొండాం కొట్టి చేతిలో పెడతాం. తాగి, ఖాళీ బొండాం కింద పెట్టాకే ఏ పని మీద వచ్చాడో అడుగుతాం. వద్దన్నవాణ్ణి వదలం. ఒకసారి వద్దంటే మొహమాటం అనుకుంటాం, రెండోసారి వద్దంటే పొగరు అనుకుంటాం. ఇంకో కారణం ఉండొచ్చని మాకు తోచదు.

అందుకని వాడు ఎక్కడ పాడినా, నేను వెళ్ళగలిగిన చోటికల్లా మా తమ్ముడి తోటనుంచి బొండాలు తెప్పించి పట్టుకెళ్ళేదాన్ని. పాటకీ పాటకీ మధ్య స్టేజీ అంచున నిలబడి నేనే కత్తితో కొట్టి అందించేదాన్ని. వాడు స్ట్రా ముట్టేవాడు కాదు. తల వెనక్కి వాల్చి గటగటా తాగేసి, బొండాం తలకిందులు చేసి, చుక్క మిగల్లేదని జనానికి చూపించేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు. ఆ ఈలల్లో సగం నావేనని నాకు గట్టి నమ్మకం.

మోకాళ్ళ నొప్పులతో ఎనిమిది నెలలు ఏ కచేరీకీ వెళ్ళలేక, మళ్ళీ మొదటిసారి అలాగే శ్రీముఖలింగానికి వెళ్ళాను. ఊరి చివర, వంశధార గాలి తగిలే చోట స్టేజీ కట్టారు. ఇంకా పొద్దు వాలలేదు. మూడో పాట అయ్యాక బొండాం కొట్టి పైకి అందించాను. వాడు తీసుకోలేదు. వంగి, నాకొక్కదానికే వినబడేట్టు, "ఇయ్యాల వద్దులే అత్తా" అన్నాడు.

నాకేం పట్టిందో ఏమో! నా గొంతు ఎలాగూ మైకు అక్కర్లేని గొంతు. "ఏటిరా? పెద్దోడివైపోనావా? మా తోట నీళ్ళు నీకు సేదైపోనాయేటి?" అని అరిచాను. ముందు వరసల్లో వాళ్ళంతా గొల్లుమన్నారు. "తాగు, తాగు" అని వెనకనుంచి కేకలు. వాడూ నవ్వేశాడు. బొండాం అందుకుని, ఎప్పటిలాగే తల వెనక్కి వాల్చి మొత్తం తాగి, తలకిందులు చేసి చూపించాడు. ఆ వీడియో అభిమానుల గ్రూపులో పెట్టింది కూడా నేనే. "అత్త మాట జవదాటలేదు" అని కింద రాసుకున్నాను, పెద్ద ఘనకార్యంలాగ.

ఏడాదిన్నర తిరక్కుండా వాడు పోయాడు. కిడ్నీలు. మా ఉద్దానంలో ఆ జబ్బు తెలియని ఇల్లుండదు. నేను మాత్రం పెళ్ళై విజయనగరం వచ్చేశాక అవన్నీ పేపర్లో వార్తల్లాగే చదివి మడత పెట్టేశాను. కిడ్నీలు పాడైనవాళ్ళు నీళ్ళే గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలట. కొబ్బరినీళ్ళయితే అసలు ముట్టకూడదట. ఊరంతా కొబ్బరితోటలున్న చోట పుట్టి, పదిమందికి పాఠాలు చెప్పి, ఇది నాకు వాడు పోయాక తెలిసింది. తెలిసిన రోజు అన్నం సహించలేదు.

ఇక అప్పట్నుంచి నన్ను తినేసిన ప్రశ్న ఒక్కటే. ఆ బొండాం తాగిన నాటికి వాడికి తన జబ్బు సంగతి తెలుసా? తెలియకపోతే ఇద్దరం అమాయకులమే, నేను తెలియక ఇచ్చాను, వాడు తెలియక తాగాడు. తెలిసే తాగాడంటే మాత్రం, నా నోటికి జడిసి తాగాడన్నమాట.

వాడికి ఎప్పుడు తెలిసిందన్నది గ్రూపులో అందరికీ పట్టుకుంది, కాకపోతే వాళ్ళ కారణాలు వేరు. ఫలానా పాటలో దగ్గు వినిపించిందని ఒకడంటే, ఆ దగ్గు డ్రమ్ములవాడిదని ఇంకొకడు. ఒకావిడ ఫొటోలన్నీ పెద్దవి చేసి వాడి కళ్ళకింద ఉబ్బు కొలిచింది. జుట్టు కత్తిరించుకున్న తేదీనిబట్టి లెక్కగట్టిన మహానుభావుడు కూడా ఉన్నాడు. విచిత్రమేమిటంటే, ఎవరికి వాళ్ళకు తాము చూసిన కచేరీ నాడే వాడికి తెలిసి ఉండాలి. ఆ కళ్ళల్లో బాధ తమకొక్కరికే కనబడిందని చెప్పుకోవాలి కదా మరి.

గ్రూపులో ఎంత రచ్చ జరిగినా మా అసలు కోర్టు విజయనగరంలో టైలరు దుకాణం. ఆదివారం ఉదయాలు నలుగురం చేరేవాళ్ళం. టైలరు వాడి స్టేజీ బట్టలు కుట్టినవాడు. ఇంకొకడు మా మేనమామ కొడుకు, నాకు బావ, బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. నన్ను కలిపితే నాలుగోది ఎచ్చెర్ల యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివే అమ్మాయి. సెలవుకి ఇంటికొస్తే తిన్నగా దుకాణానికే వచ్చేది, నన్ను పిన్నీ అనేది.

బావ వాదన నీళ్ళ సీసా మీద. "ఆడు సీసా నీళ్ళు సగం తాగి సగం నెత్తి మీద పోసుకునేవోడు కాదేటి? బొబ్బిలిలో రెండోపాలి పాడినప్పుడు ఏటి సేసేడు? పెదాలు తడుపుకుని మూతెట్టేసేడు. ఒసే, బస్సులో జనం మొకాలు సూసి సూసి రిటైరైనోణ్ణి నాను. టికెట్టు తియ్యనోడు ఎలా కూకుంటాడో నాకు తెల్దా? ఆ రోజు ఆడి మొకం అచ్చంగా అలాగే ఉన్నాది. ఏదో దాస్తన్నాడు."

బొబ్బిలి రెండో కచేరీ శ్రీముఖలింగానికి ఐదు నెలల ముందు జరిగింది. "అది సలికాలం బావా. సలికాలంలో నెత్తిన నీళ్ళు నువ్వు పోసుకుంటావేటి?" అన్నాను. బావ నోరు మూయించడం నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన విద్యే.

ఎచ్చెర్ల అమ్మాయి పాటల్ని పట్టుకుంది. ఏరు ఎండినా పడవ ఒడ్డెక్కనంటోందని వాడి పాటొకటి ఉండేది. "పిన్నీ, తెలీకుండా అలాంటి మాట ఎవరైనా రాస్తారేటి? ఆ పాట శ్రీముఖలింగానికి ముందే వచ్చింది" అంది కళ్ళనీళ్ళు పెట్టుకుని. "ఎండాకాలంలో ఏరు ఎండుతాది. అది రాయడానికి డాక్టరు కాయితం కావాలేటి?" అన్నాను. పాపం, ఆ పిల్ల ముఖం ముడుచుకుంది.

టైలరు నెమ్మదస్తుడు. మేం ముగ్గురం అరుచుకుంటుంటే కాజాలు కుట్టుకుంటూ కూర్చునేవాడు. ఒక ఆదివారం మాత్రం లేచి, కొలతలు రాసుకునే పొడుగు పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు.

"టీచరమ్మా, నాకు పాటల్లో అర్దాలు తెల్వు. కొలతలు తెలుసు. ఇదిగో సూడండి. నడుం దగ్గర బిగించమన్నాడు, సీలమండ దగ్గర వదులు సెయ్యమన్నాడు. ఒళ్ళు సేసినోడికీ సిక్కినోడికీ ఈ రెండూ ఒకేపాలి జరగవు. కాళ్ళు వాసేయి. ఇంకోటి, అంతకుముందు సేతుల్లేని సొక్కాలే ఏసేవోడు. ఈపాలి మణికట్టు దాకా కుట్టమన్నాడు."

తేదీ చూశాను. శ్రీముఖలింగానికి రెండు నెలల ముందు. వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టాను, రెండే. అయినా నేను లెక్కల టీచర్ని. "కాళ్ళు వాచడం వేరు, అవి ఎందుకు వాచాయో తెలియడం వేరు. మన ప్రశ్న ఎప్పుడొచ్చిందని కాదు, వాడికి ఎప్పుడు తెలిసిందని" అన్నాను. బ్యాగులోంచి తెల్లకాగితం తీసి గీతలు గీశాను, నెలలు వేశాను, బాణం గుర్తులు పెట్టాను. శ్రీముఖలింగం దాటిన నాలుగు నెలలకు వాడు కచేరీలు తగ్గించాడు, కాబట్టి తెలిసింది అప్పుడే అని తేల్చేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. టైలరు ఇంకా ఏదో అనబోతుంటే, "మీ టేపు సాగిపోయిందేమో చూసుకోండి" అనేశాను.

టేపు సాగిందని టైలరుతో అనకూడదు. రెండు ఆదివారాలు ఆయన నాతో మాట్లాడలేదు. నాకు అక్కర్లేని జాకెట్లు రెండు కుట్టడానికిచ్చి బతిమాలుకుంటే గానీ స్టూలు వెయ్యలేదు.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, నన్ను పట్టుకున్నది బావే. ఒక రోజు నేను మళ్ళీ కాగితం తియ్యబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవే. అందరూ తేదీని ఎనక్కి లాగతంటే నువ్వొక్కదానివే ముందుకి లాగతన్నావు. శ్రీముఖలింగం అంటే సాలు, నీ గొంతు లేస్తన్నాది. గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుముకుంతన్నావు. ఆ బొండాం గురించేనేటి?"

నలుగురిలో ఏడవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఏడ్చాను. దుకాణం బయట కొలతలివ్వడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాను. "వద్దన్నాడు బావా. వద్దన్నవాడి చేత తాగించాను" అన్నాను. టైలరు కంగారుపడి చేతికందిన లైనింగ్ గుడ్డ ఇచ్చి, "తుడుసుకోండి, ఉతికిందే" అన్నాడు. ఎచ్చెర్ల అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం కిడ్నీలు పాడైనవాళ్ళకు చేటని ఆ పిల్లకు నాకంటే ముందే తెలుసు. చెబితే నేను తట్టుకోలేనని ఇన్నాళ్ళూ ఊరుకుందట.

"ఈ లెక్కలన్నీ ఎందుకే? ఆడి అప్పనే అడిగేద్దాం" అన్నాడు బావ. అక్కను మా వైపు అప్ప అంటాం. వాణ్ణి పెంచిందీ, జబ్బులో చూసుకున్నదీ ఆ అమ్మాయేనని అందరికీ తెలుసు. అయినా ఇన్ని నెలల్లో ఒక్కరమూ వెళ్ళి అడగలేదు. అడిగితే వాదించుకోవడానికేం ఉండదు కదా.

మర్నాడే ఉద్దానంలో వాడి ఊరికి బయల్దేరాం. బస్సులో బావకు పాత అలవాటు పోక, ప్రతి స్టాపులోనూ మమ్మల్ని ముగ్గుర్నీ లెక్కపెట్టాడు. టైలరు కొలతల పుస్తకం సంచిలో వేసుకొచ్చాడు. ఎందుకండీ అంటే, "సాచ్చం ఉండాల కదా" అన్నాడు. అంత బాధలోనూ నవ్వొచ్చింది.

వాడి అక్క నలభై ఏళ్ళ మనిషి. జీడిపిక్కలు కొట్టే పనిచేస్తుంది, వేళ్ళన్నీ జీడి మరకలతో నల్లబడి ఉన్నాయి. వాడి పాటలంటే ప్రాణమిచ్చేవాళ్ళం అని బావ చెప్పగానే లోపలికి పిలిచి, చాప వేసి, టీ పెట్టి ఇచ్చింది. బావ వాన గురించి, జీడితోటల గురించి మొదలుపెట్టాడు. ఆయన వరస చూస్తే సాయంత్రమైనా అసలు సంగతికి వచ్చేట్టు లేడు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"అమ్మా, శ్రీముఖలింగంలో మీ తమ్ముడి చేత బొండాం తాగించింది నేను. ఆ నాటికి వాడికి తెలుసా?"

ఆమె వచ్చి నాకు ఎదురుగా కూర్చుంది.

"మీరేనేటి ఆ అత్త?" అంది. "తెలుసు. అప్పటికి తెలిసి ఏడు నెల్లు. మూడు నెల్లై వారానికి రెండుపాల్లు డయాలిసిస్‌కి తీసుకెల్తన్నాను. సేతి మీద సూదుల గాట్లు అగుపడకూడదని నిండు సేతుల సొక్కాలు కుట్టించుకున్నాడు."

టైలరు సంచి నోరు నెమ్మదిగా మూశాడు. బావ సీసా కంటే ముందు, ఆ పిల్ల పాట కంటే ముందు, కొలతల పుస్తకం కంటే కూడా ముందు. అందరి లెక్కా తప్పే. అందరికంటే ఎక్కువ తప్పు నాది.

"మర్నాడు పొద్దుటికి ఆయాసం ఎక్కువైపోనాది. శ్రీకాకుళం ఆసుపత్రికి ఏసుకుని పరిగెత్తేం. అప్పవయ్యుండి సూసుకోవేటి అని డాక్టరుబాబు నన్ను తిట్టేడు. నాను ఆణ్ణి తిట్టేను. తెలిసి తెలిసి ఎందుకు తాగేవురా అన్నాను. నవ్వేడు. 'వద్దంటే ఎందుకని అడుగుతాది, సెప్పాలొస్తాది. సెప్తే ఇంక నన్ను తిట్టదు అప్పా. జబ్బని తెలిసిన కాడ్నించి నువ్వు కూడా నాతోటి మెల్లిగా మాట్లాడతన్నావు. ఆయమ్మొక్కతే పాతలాగ కేకలేస్తన్నాది' అన్నాడు."

బావకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "సూసేవేటే! ఆడికి నీ తిట్లే కావాల్సొచ్చేయి. ఇంక బెంగెట్టుకోకు" అని నా భుజం తట్టాడు.

"ఆడికి కావాలేమో. నాకొద్దు" అంది ఆమె. బావ చెయ్యి తీసేశాడు. "ఆడు నవ్వేసి ఊరుకున్నాడు. నాను ఊరుకోనేదు. మీ పేరు తెల్దు, ఊరు తెల్దు, అయినా రోజూ మనసులో తిట్టుకుంతానే ఉన్నాను."

"ఎదురుగానే ఉన్నాను కదా. తిట్టు" అన్నాను.

"పెద్దోరు. ఇంటికొచ్చినోరు" అని తల తిప్పుకుంది.

"మీ తమ్ముడు పడ్డాడమ్మా నా తిట్లు, అంత జబ్బులో కూడా. నేను పడలేనా?"

ఆమె మళ్ళీ నా వైపు తిరిగింది. మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

"వద్దన్నోడి నోట్లో పొయ్యడమేటమ్మా మర్యాదా? అంతమందిలో ఆడు కాదంటాడేటి? సిన్నప్పుడు అన్నం సాలనేదని కూడా నోరిప్పి అడగనోడు ఆడు! సదువుకున్నోరు కదా, పిల్లలకి పాటాలు సెప్పినోరు కదా! ఎందుకొద్దురా అని ఒక్కపాలి, ఒక్కపాలి అడగనేకపోయేరా?"

బావ అడ్డుపడబోయాడు. ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాను. ఆమె తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. టీ చల్లారిపోయింది. నేను చాప మీదనుంచి కదల్లేదు, ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. ఆమె అలిసిపోయి ఆగాక, అప్పుడు చెప్పాను.

"అడగలేదమ్మా."